ఇదిగో, ఇలా దగ్గాలి

జూన్ 6

అక్కకు,

నిన్నొక మాట అడగాలని ఎన్నేళ్ళుగానో ఉంది. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చినప్పుడల్లా ఆ నల్ల సీసాలోని మందు ముందు నువ్వొక చెంచాడు తాగి, "చూశావా, ఏమీ లేదు, నీళ్ళలా ఉంది" అనేదానివి. నిన్ను చూసి నేనూ తాగేదాన్ని. నోరంతా విషమయ్యేది. నీకు నిజంగా చేదు తెలిసేది కాదా? లేక మొహంలో కనపడనివ్వకుండా మింగేదానివా? నలభై దాటిన ఆడదానికి ఇదేం ప్రశ్న అని నవ్వకు. మీ ఆరోగ్య కేంద్రానికి వస్తున్న పెట్టె గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఇదే గుర్తొచ్చింది.

పెట్టె మా సంస్థ తయారుచేసిందే. దాని ముందు మనిషి దగ్గితే, ఆ దగ్గు విని, టీబీ ఉండే అవకాశం ఎంతో లెక్క కడుతుంది. ఆకుపచ్చ దీపం వెలిగితే భయం లేదు. ఎర్రది వెలిగితే పట్నం పంపించి కఫం పరీక్ష చేయించాలి. వాడడం ఎలాగో నేర్పడానికి ఒక కుర్రాడు వస్తాడు. నా పని పెట్టెతో కాదు, అది పంపే అంకెలతో. దగ్గులు నేను వినను. వినకూడదని నియమం కూడా ఉంది, రోగుల గొంతులు కదా.

మీ క్వారీలో కంకర కొట్టే క్రషర్ మోతలో అది పనిచేస్తుందా అని అడిగావు. నిశ్చింతగా ఉండు. చుట్టుపక్కల చప్పుళ్ళు వదిలేసి, మనిషి దగ్గునే పట్టుకుంటుంది.

ఇకమీదట మీ దగ్గరికి డాక్టరు వారం వారం రాడని, నెలకోసారే వస్తాడని తెలిసింది. పెట్టె ఉంది కాబట్టి చాలన్నారట. నాకు నచ్చలేదు. నచ్చలేదని మీటింగులో అన్నాను కూడా. ఎంత మెల్లగా అన్నానంటే, పక్క కుర్చీలో ఆయన కూడా తలతిప్పలేదు.

మీ కొండ చాటున ఫోను పలకదు కనుక ఈ ఉత్తరం మందుల వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. పెట్టె రికార్డులు కూడా అతనే తెచ్చిస్తాడట. జవాబు అతనితోనే పంపు. బావ కులాసాయేనా?

నీ చెల్లి


జూన్ 27

సందేహాల రాణికి,

అక్క రాస్తున్నాను. నీ మందు సీసా సంగతి తర్వాత చెప్తాలే. అంత పెద్ద ప్రశ్నకి తీరిగ్గా జవాబు రాయాలి.

నీ పెట్టె వచ్చింది. ఇక్కడివాళ్ళు అప్పుడే దానికి పేరు పెట్టేశారు, 'పెద్దచెవి' అని. బరువు చూసే మిషను పక్కన బల్ల మీద పెట్టాను. మోత వదిలేస్తుందని నువ్వన్నావు గానీ, నా జాగ్రత్త నాది. కిటికీ మూసేసి, తలుపు దగ్గరకు వేసి, పరదా లాగి మరీ దగ్గిస్తున్నాను. ఉక్క పోసి చస్తున్నాం అనుకో.

మగవాళ్ళతో ఇబ్బంది లేదు. దాని ముందు నిలబడితే చాలు, దగ్గమనక ముందే దగ్గుతారు. క్వారీ దుమ్ము మరి. ఆడవాళ్ళతోనే వచ్చింది చిక్కు. పెట్టె ముందు దగ్గడం ఏమిటని కొంగు నోట్లో కుక్కుకుంటారు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు ముసిముసిగా నవ్వుతారు. "నర్సమ్మా, నా వల్ల కాదు, మా ఆయన్ని పంపిస్తా, నా బదులు దగ్గుతాడు" అంది ఒకావిడ! అందుకని బటను నొక్కగానే, "ఇదిగో, ఇలా" అని ముందు నేను దగ్గి చూపిస్తాను. నీలం దీపం వెలుగుతుంది, వింటున్నానని కాబోలు. అప్పుడు నవ్వుకుంటూ వాళ్ళూ దగ్గుతారు. కాసేపటికి ఫలితం దీపం వస్తుంది. ఇప్పుడు ఆడవాళ్ళే వరసలు కట్టి వస్తున్నారు.

ఒక్క సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. కంకర జల్లెడ పట్టే అమ్మాయి ఒకతి ఉంది, పెళ్ళయి ఏడాదైనా కాలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు కాలుతుంది. చిక్కి సగమైంది. డాక్టరుంటే గొట్టం పెట్టి గుండెలు చూసేవాడు. పెద్దచెవి ఆకుపచ్చ చూపించింది. ఏమీ లేదులే అని పంపేశాను. మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయింది చెల్లీ. ఏం చెయ్యమంటావు?

మీ బావ బాగానే ఉన్నాడు. నేను ఒకరోజు సెలవు పెడితే కేంద్రానికి తాళమే కాబట్టి, నాకు జబ్బు చెయ్యకూడదని ఆర్డరు వేశాడు.

అక్క


జులై 11

అక్కకు,

నీ ఉత్తరం చదివి ఆఫీసులోనే పైకి నవ్వాను. 'నా బదులు మా ఆయన దగ్గుతాడు' అన్న మాట మా వాళ్ళందరికీ చెప్పాను. ఆడవాళ్ళ చేత దగ్గించడంలో మీ కేంద్రానిదే మొదటి స్థానం తెలుసా? మిగతా చోట్ల ఆడవాళ్ళు అంతగా రావడం లేదు. మా అధికారి నీ గురించి అడిగి, "మీ అక్కగారు ఏం మంత్రం వేస్తున్నారు?" అన్నారు. గర్వంగా అనిపించింది.

ఆ జల్లెడ అమ్మాయి విషయం. ఎటూ తేల్చని జవాబు రాస్తున్నానని నువ్వు విసుక్కుంటావు, తెలుసు. ఆకుపచ్చ అంటే జబ్బు లేదని కాదు, ఉండే అవకాశం తక్కువని. నీ కళ్ళు చూసింది ఒకటి, అది విన్నది ఒకటి. అది ఎంతమంది దగ్గులు విని నేర్చుకుందో నాకు తెలుసు. నీ కళ్ళూ ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాయో తెలుసు. రెండిట్లో ఏది ఎక్కువ అంటే చెప్పలేను. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ దగ్గించు. అప్పుడూ ఆకుపచ్చే వస్తే కొంత ధైర్యం.

పట్నం పంపించెయ్ అని రాసి, కొట్టేశాను. ఆకుపచ్చ వచ్చినవాళ్ళని కూడా పంపిస్తే ఇక పెట్టె ఎందుకంటారు. కొట్టేసింది నీకు కనిపిస్తూనే ఉంటుంది. కాగితం మార్చి రాసే ఓపిక లేక అలాగే పంపుతున్నాను.

మందు సీసా ప్రశ్నకి జవాబు బాకీ.

చెల్లి


సెప్టెంబరు 19

చెల్లీ,

జల్లెడ అమ్మాయి పోయింది.

నువ్వు రాసినట్టే మళ్ళీ మళ్ళీ దగ్గించాను. ప్రతిసారీ ఆకుపచ్చే. ప్రతిసారీ, "చూశావా, పెద్దచెవి ఏమీ లేదంటోంది" అన్నాను. ఆ పిల్ల కూడా నమ్మింది. వానలు ముదిరాక నెత్తురు పడింది. మందుల వ్యానులోనే నా ఒళ్ళో పడుకోబెట్టుకుని పట్నం తీసుకెళ్ళాను. ఆస్పత్రిలో డాక్టరు నా వైపు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు. దగ్గిస్తున్నాను అని చెప్పనా?

నీ మీద కోపం లేదు. నువ్వు కొట్టేసిన మాట కనిపించింది. పంపిద్దామనే అనుకున్నాను కూడా. మర్నాడు మళ్ళీ ఆకుపచ్చ వచ్చింది. అంత చదువుకున్న పెట్టె కంటే నాకెక్కువ తెలుసా అనుకున్నాను.

పెట్టె మాత్రం ఆపలేదు. ఆపితే ఇంకేముంది నా దగ్గర? బరువు మిషనూ, జ్వరం మాత్రలూ. డాక్టరు ఈ నెల కూడా రాలేదు, రోడ్డు కొట్టుకుపోయిందట.

నాకు కాస్త జలుబు చేసింది. "పొద్దస్తమానం అందరికీ దగ్గి చూపించి, నీ గొంతు కూడా క్రషర్ అయిపోయింది" అని మీ బావ ఎగతాళి. తగ్గిపోతుందిలే.

అక్క


నవంబరు 14

అక్కకు,

ఆ అమ్మాయి గురించి ఇన్నాళ్ళూ ఏమీ రాయలేకపోయాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ లెక్కలే వచ్చాయి. అంతమందిలో ఇంతమంది తప్పిపోతారు అని. పోయినావిడకి ఆ లెక్కతో ఏం పని?

ఇప్పుడు రాస్తున్నది వేరే. మీ కేంద్రం అంకెలు మా ఆఫీసులో గగ్గోలు పుట్టించాయి. మొన్నటిదాకా ఆడవాళ్ళందరూ ఆకుపచ్చ. ఇప్పుడు అందరూ ఎరుపు. మగవాళ్ళు ఎప్పటిలాగే ఉన్నారు. అంటువ్యాధేమోనని మీ ఆడవాళ్ళందరినీ లారీలెక్కించి పట్నం పంపించారు కదా. కఫం పరీక్షలు వచ్చాయి. ఒక్కరికీ జబ్బు లేదు.

దాంతో తప్పు పెట్టెదేనని తేల్చారు. రాతిదుమ్ము తిని తిని మీ ఆడవాళ్ళ దగ్గే అలా మారి ఉంటుందని ఒకాయన అన్నాడు. మగవాళ్ళు మాత్రం దుమ్ము తినడం లేదా అని అడిగాను. ఆడవాళ్ళు జల్లెడ దగ్గర వంగి పనిచేస్తారు కాబట్టి అన్నాడు. ఒప్పుకోవడానికీ లేదు, కాదనడానికీ లేదు. మీ ఊరి ఆడవాళ్ళ వరకూ అలాంటి దగ్గు మామూలేనని పెట్టెకు నేర్పి పంపుతున్నాం. కాగితం మీద సంతకం నాదే. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. సందేహం ఉంది, కానీ దేని మీదో నాకే తెలియకపోతే ఏమని చెప్పి ఆపను?

నీ జలుబు తగ్గిందా? ఆ సంగతి రాయలేదు నువ్వు.

చెల్లి


డిసెంబరు 12

సందేహాల రాణికి,

అక్షరాలు వంకరపోయాయని అనుకోకు, పడుకుని రాస్తున్నాను. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చకపోతే కుదరడం లేదు.

మీ వాళ్ళు చేసిన రిపేరు భేషుగ్గా ఉంది. మళ్ళీ అందరూ ఆకుపచ్చే. అందరికీ సంతోషం. పట్నం తీసుకెళ్ళి తిప్పి పంపినందుకు నన్ను ఆడిపోసుకున్నవాళ్ళు కూడా నవ్వుతున్నారు. "ఏం నర్సమ్మా, పెద్దచెవికి చెవుడొచ్చి తగ్గిందా?" అని ఒకావిడ. "గుబిలి తీయించాంలే" అన్నాను.

నువ్వు అడుగుతావని ముందే చెప్తున్నా. నేను కూడా దాని ముందు దగ్గి చూసుకున్నాను. ఆకుపచ్చే వచ్చింది. కాబట్టి నీ సందేహాలు కట్టిపెట్టు. జాకెట్లన్నీ వదులైపోయాయి. పెళ్ళినాటి పిల్లలా ఉన్నావంటాడు మీ బావ, ముసలితనంలో సరసం. చలి రోజుల్లో కూడా తెల్లారేసరికి దిండు తడిసిపోతోంది, అదొక్కటే విసుగు. వయసు మళ్ళుతోంది కదా, ఆ మార్పులే.

పరదా ఉతికి మళ్ళీ కట్టాను. గది శుభ్రంగా ఉంది. నువ్వొకసారి వచ్చి చూడరాదూ?

అక్క


జనవరి 9

అక్కా,

ఈ ఉత్తరం చదవగానే ఆ వ్యానులోనే ఎక్కు. డ్రైవరుకు చెప్పాను, నువ్వు ఎక్కేదాకా బండి కదల్చడు. బావకు చీటీ రాసి పెట్టు. మిగతాది దారిలో చదువుకో.

నీ దిండు తడుస్తోందన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత మీ అంకెలు మళ్ళీ తీశాను. అప్పటిదాకా ఎరుపెంత, ఆకుపచ్చెంత అనే చూశాను గానీ, అసలు అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. ముసలావిడ, బాలింత, బక్కది, బొద్దుది, ఏ ఒక్కరికీ మరొకరికీ తేడా లేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కలిపి ఒక్కటే గొంతు ఉన్నట్టు. రికార్డులు వినడానికి అనుమతి అడిగాను. గట్టిగానే అడిగాను. ఇచ్చారు.

మొదటిది పెట్టాను. బటను చప్పుడు. తర్వాత నీ గొంతు, "ఇదిగో, ఇలా." తర్వాత నీ దగ్గు. అంతే, అయిపోయింది. రెండోదీ అంతే. పదోదీ అంతే.

నీలం దీపం వింటున్నానని కాదక్కా. వినడం అయిపోయిందని. మొదటి దగ్గు చెవిన పడగానే పెట్టె చెవి మూసుకుంటుంది. నువ్వు దగ్గి చూపించాక వాళ్ళు దగ్గినదేదీ అది వినలేదు. ఇన్ని నెలలూ మీ ఆడవాళ్ళలో ఒక్కరిని కూడా వినలేదు. జల్లెడ అమ్మాయికి ఆకుపచ్చ చూపించినప్పుడల్లా, నువ్వు బాగున్నావని చెప్పింది. అందరికీ ఎరుపు చూపించినప్పుడు నీ గురించే చెప్పింది. అది తప్పని నోరు నొక్కిన కాగితం మీద నా సంతకం ఉంది. నీకు వచ్చిన ఆకుపచ్చ, ఆ సంతకం చలవే.

చప్పుళ్ళు వదిలేసి మనిషి దగ్గునే పట్టుకుంటుందని రాసింది నేను. ఏ మనిషి దగ్గో రాయలేదు. ముందు నేనే దగ్గి చూపిస్తానని నువ్వు రాశావు. చదివి నవ్వుకున్నాను.

ఆ గది కిటికీ తెరిచి పెట్టమని డ్రైవరుతో బావకు కబురు పంపు. ఎవరినీ లోపలికి రానివ్వొద్దని చెప్పు.

ఇంకొక్కటి అడగాలి. అన్ని రికార్డుల్లోనూ "ఇదిగో, ఇలా" అన్న మాట ఉంది. ఒక్కదాంట్లో లేదు. పేరు రాయని రికార్డు. బటను చప్పుడు, కాసేపు ఏమీ లేదు, ఎవరో ఊపిరి తీసుకోవడం, తర్వాత నీ దగ్గు. నువ్వు చెప్పిన ఆకుపచ్చది కాదిది, అది వేరే ఉంది. ఇది నవంబరు మొదట్లోది, ఇంకా మేం పెట్టెను మార్చక ముందుది. ఎరుపు. ఎవరిని పరీక్షిస్తున్నావక్కా అప్పుడు?

చెల్లి


ఫిబ్రవరి 2

చెల్లీ,

ఎక్కాను. ఆస్పత్రిలో ఉన్నాను. వార్డు చివర మంచం, కిటికీ పక్కనే. ఇక్కడ కిటికీలన్నీ తెరిచే ఉంచుతారు, చూస్తే నవ్వొచ్చింది. ఇక్కడి నర్సుకి ఇంకా పాతికేళ్ళు లేవు. మూతికి గుడ్డ కట్టుకుని, నాకు సూది ఎలా గుచ్చాలో నన్నే అడుగుతుంది.

రెండు ఊపిరితిత్తులకూ పాకిందట. నయమవుతుందా అంటే, మందులు మానకుండా వాడండి అంటున్నారు. ఆ జవాబు ఎప్పుడు చెప్తామో నాకూ తెలుసు.

మా ఆడవాళ్ళకి మళ్ళీ పరీక్షలు చేస్తున్నారని మీ బావ కబురు పంపాడు. ఈసారి కొందరికి వచ్చిందట. ఆ లారీల్లో వెళ్ళినప్పుడు శుభ్రంగా ఉన్నవాళ్ళకే. ఎవరెవరో అడిగాను. పేర్లు చెప్పకుండా, "నువ్వు కోలుకో ముందు" అన్నాడు. ఆ పిల్ల నుంచి నాకు వచ్చిందో, నా నుంచి వాళ్ళకి వెళ్ళిందో ఎవరు చూడొచ్చారు? మూసిన గది, ఎదురెదురుగా నేనూ వాళ్ళూ. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి నేర్పించాను.

ఆ పేరు లేని దగ్గు సంగతి అడిగావు. అందరికీ ఎరుపు చూపిస్తుంటే, అసలు పెట్టె సరిగ్గా ఉందో లేదో చూద్దామని దగ్గాననుకో. అనుకుంటే సరిపోతుంది కదా.

మందు సీసా ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. ఇక్కడ పొద్దున్నే గుప్పెడు మాత్రలిస్తారు. పక్క మంచం ఆవిడ చేదుకి మొహం మాడ్చుకుని, మింగనని మొండికేస్తుంది. నేనే ముందు మింగి చూపిస్తున్నాను. ఏమీ లేదు చెల్లీ, నీళ్ళలా ఉన్నాయి.

అక్క


ఫిబ్రవరి 20

అక్కకు,

రిపోర్టు ఇచ్చేశాను. జరిగిందంతా రాశాను, నా సంతకంతో సహా. వాళ్ళు దాన్ని చదివి, 'వాడేవారి పొరపాటు' అని రాసి కింద ఒక గీత గీశారు. నీలం దీపం కింద ఒక హెచ్చరిక చీటీ అంటించాలని తీర్మానించారు. డాక్టరును మళ్ళీ వారం వారం పంపమన్న మాట మీద మాత్రం ఏ తీర్మానమూ లేదు. ఈసారి మెల్లగా అనలేదు. అయినా ఎవరూ తలతిప్పలేదు.

పెట్టెలు ఇంకా చాలా చోట్లకు వెళ్ళాయి. వాటి రికార్డులు కూడా వినాలని పట్టుబట్టాను. నిన్న మొదటి కేంద్రానిది తెరిచాను. నేనెన్నడూ చూడని ఊరు. బటను చప్పుడు. ఎవరో ఆడమనిషి నవ్వుతూ, "సిగ్గెందుకు, ఇలా దగ్గు" అంది. దగ్గింది. అంతే, ఆగిపోయింది. ఆ దగ్గు ఇప్పటికింకా ఆరోగ్యంగానే ఉంది. నిన్ననే వాళ్ళకు కబురు పంపాను, అందిందో లేదో తెలియదు. ఇంకా తెరవని వాటి వైపు చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ రికార్డులు మళ్ళీ విన్నాను. పేరు లేని ఆ దగ్గు తర్వాత కూడా నువ్వు అందరికీ దగ్గి చూపించావు. కానీ అప్పటి నుంచి నీ గొంతు కాస్త దూరం నుంచి వినిపిస్తుంది. మొహం పక్కకు తిప్పుకుని దగ్గావా? లేక ఒంట్లో సత్తువ లేక గొంతు తగ్గిందా? మొహం తిప్పుకున్నావంటే నీకు తెలుసన్నమాట. తెలిసే, తాళం పడుతుందని, వాళ్ళకు ఉన్న ఒక్క మనిషీ పోతుందని, మింగేసి ఊరుకున్నావన్నమాట. అదే అయితే నీ మీద జాలిపడాలో, ఆ గదిలో నీకు ఎదురుగా నిలబడ్డ వాళ్ళ తరఫున నిన్ను నిలదీయాలో తెలియదు. సత్తువ లేకే అయితే, ఇలా అనుమానించినందుకు నన్ను నేను ఏమనుకోవాలో తెలియదు.

నా అలవాటు నీకు తెలుసు, ఎటు తిరిగినా చివరికి ఏదో ఒక అంకె చెప్పి బయటపడతాను. ఈసారి చెప్పడానికి అంకె లేదు. ఎన్నిసార్లు విన్నా అది ఒక దగ్గే. నీకు తెలుసో, తెలియదో, నేను తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే ఆదివారం ఆస్పత్రికి వస్తున్నాను. నీ ఎదురుగా కూర్చుని అడిగితే నువ్వు ఏం చెప్తావో నాకు తెలుసు. నమ్మాలో వద్దో మాత్రం తెలియదు.

మాత్రలు మానకు.

నీ చెల్లి